ఎర్రావును తోలుకుపోయిన అప్‌డేటు

మొన్న శనివారం తెల్లవారేసరికి మా ఇంట్లో కారు పోయింది. తీసుకుపోయింది దొంగ కాదు, అప్‌డేట్. అందుకు ఆ అప్‌డేట్‌కు నలుగురి ముందూ కృతజ్ఞత చెప్పుకోవాలని ఈ మాటలు రాస్తున్నాను.

నవ్వకండి! మనిషి కనిపెట్టినవాటిలో చక్రం తర్వాత గొప్పది అప్‌డేటేనని నా నమ్మకం. చక్రం మనిషి అడిగితేనే ముందుకు తీసుకుపోయింది. అప్‌డేట్ వద్దన్నా తీసుకుపోతుంది. మీరే చెప్పండి, ఏది గొప్ప?

ముందు కారు సంగతి. అది ఇటలీ కారు. మా నాన్న కాలం నాటి మోడల్. ఎర్ర రంగు, పొడుగు ముక్కు, గుండ్రటి దీపాలు, తీగల చక్రాలు, కొయ్య స్టీరింగు. అలాంటివి లోకంలో కొన్నే మిగిలాయట. కోటీశ్వరులు కూడా వాటి కోసం కాచుకుని కూర్చుంటారట. జమ్మలమడుగు హైస్కూల్లో సంధులూ సమాసాలూ చెప్పుకునే నాకు అది ఎట్లా వచ్చింది? వీడియో గేములో వచ్చింది. మా ఇంటి టీవీలో ఉండేది.

శనివారం బడిలో ఈ చివరి వివరం చెప్పడం మరిచిపోయాను. స్టాఫ్ రూములో “మా ఇంట్లో కారు పోయింది” అని మాత్రం అన్నాను. మాటలు పొదుపుగా వాడడం నా అలవాటు. లెక్కల సారు జాఫర్ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“నీకు కారు యాడిది సార్? ప్రొద్దుటూరు నుంచి రోజూ నా బండెనక కూర్చోని వస్తాండావు గదా!”

“ఇటలీది,” అన్నాను.

“ఇటలీదా! ఇంట్లో ఇటలీ కారు పెట్టుకోని, పెట్రోలు నాతో పోయిస్తాండావా ఇన్నేండ్లూ?”

మా హెడ్‌మిస్ట్రెస్ నిర్మలమ్మ గారు పని తెలిసిన మనిషి. “జాఫర్, నువ్వుండప్పా. సార్, ముందు స్టేషన్లో కంప్లయింటు ఇయ్యండి. బండి ఎవరి పేరు మీద ఉండాది?” అని అడిగారు.

“మా ఆమె పేరు మీద.”

జాఫర్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. నా భార్య ప్రసూన ఉగాదికి ముందే పోయిందని అందరికీ తెలుసు. కారుకైనా మనిషికైనా ‘పోయింది’ అనే ఒక్క క్రియతో సరిపెట్టుకోగలగడం మన భాషలోని గొప్ప సౌకర్యం. పరీక్షలో ఎవరూ అడగరు కానీ, అడగదగిన ప్రశ్న.

సరే, అప్‌డేట్ మహిమకు వద్దాం.

మాకు ఒక హాజరు యాప్ ఉంది. ఉదయం బడి గేటు దగ్గర నిలబడి దానికి ముఖం చూపించాలి. అప్పుడప్పుడు అది అప్‌డేట్ కావాలంటుంది. అప్‌డేట్ అయ్యేదాకా నా ముఖాన్ని నా ముఖంగా ఒప్పుకోదు. నేను ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని, సిగ్నల్ కోసం గేటు చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటాను. ‘నేనెవడను?’ అనే ప్రశ్న కోసం పూర్వం ఋషులు అడవులకు పోయారు. నాకు ఆ ప్రశ్న బడి గంట కొట్టే వేళకు గేటు దగ్గరే దొరుకుతోంది. ఇది ఎవరి చలవ?

ఫోను సంగతి చూడండి. నిన్న పచ్చగా ఉన్న గుర్తు ఇవాళ నీలం. నిన్న కుడి పక్కన ఉన్నది ఇవాళ ఎడమ పక్కకు పోయింది. మతిమరుపు మొదలైందేమోనని భయపడే వయసు నాది. ఇప్పుడా భయం లేదు. మరిచిపోయింది నేను కాదు, మారింది అది! ఇంత ధైర్యం ఏ డాక్టరు ఇవ్వగలడు?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళవాళ్ళకు ఈ ధర్మం ఎప్పుడో తెలుసు. పాత నగ తీసి బల్ల మీద పెట్టీ పెట్టకముందే మాకు నగలు చేసే శరత్ చంద్ర, “ఇది ఓల్డ్ మోడల్ సార్, కరిగిచ్చేద్దాం” అంటాడు. అవ్వ మెడలోది మనవరాలి చెవుల్లోకి వస్తుంది. మధ్యలో నిప్పు ఉంటుంది, అంతే.

నా క్లాసులో కొందరు పిల్లల ఊళ్ళు రిజర్వాయరు నీళ్ళ కింద ఉన్నాయి. వాళ్ళకు కాలనీలో కొత్త ఇళ్ళు వచ్చాయి. ‘మా ఊరు’ అని వ్యాసం రాయమంటే సాహితి అనే అమ్మాయి లేచి, “ఏ ఊరు సార్? పాతదా, అప్‌డేటుదా?” అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. రెండు పేజీలు రాసింది. రెండూ పాత ఊరి గురించే. పిల్ల కదా, ఇంకా జ్ఞానం రాలేదు.

జ్ఞానం అంటే గుర్తొచ్చింది. ‘ఏదీ నీది కాదు నాయనా’ అని టీవీలో పొద్దున్నే పెద్దలు చెబుతుంటే ఎన్నేళ్ళుగా వింటున్నాను! విని, తల ఊపి, చెంచా ఒకటి కనిపించకపోతే ఇల్లంతా వెతికేవాణ్ణి. ఎక్కడో దేశం అవతల ఉన్న గేము కంపెనీ మాత్రం ఒక్క మాటైనా చెప్పకుండానే నాకు ఆ సంగతి నేర్పింది. గురుదక్షిణ ముందే తీసుకుంది కూడా.

ఇక ఆ కారు ప్రసూనది ఎట్లా అయిందో చెప్పాలి.

ఆమెకు ఊపిరి జబ్బు. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. మన వైపు దుమ్ముకు దూరంగా ఉండాలంటే ఎక్కడికి పోవాలి? ఇటు సిమెంటు లారీలు, అటు ఎర్రమట్టి గాలి. ఇటలీకైనా పోవాల్సిందే! మా వీధి చివర టీవీలు, ఫోన్లు బాగుచేసే ఖలందర్ ఆ ఏర్పాటు చేశాడు. ఎవరో వద్దని వదిలేసిన గేము మిషన్ ఒకటి బాగుచేసి తెచ్చి మా టీవీకి తగిలించాడు.

“ఇంట్లో కూర్చోని ఊరంతా తిరుగు వదినా. దుమ్ము రాదు, పొగ రాదు,” అన్నాడు.

గేములో ఎన్నో కార్లున్నాయి. ప్రసూన వాటన్నిటినీ సంతలో పశువులను చూసినట్టు చూసి, చివరికి ఎర్రదాని దగ్గర ఆగింది. దాని అసలు పేరు నేను చదివి చెప్పాను. ఆ పేరులో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారు కదా, రెండూ అజంత భాషలే, ఆ లెక్కన ఈ కారు మనకు వరసకు బంధువు అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ప్రసూన ఓపిగ్గా విన్నది.

“అంత పేరు ఎవురు పిలుస్తారు ఐవారా? మా ఇంట్లో ఇట్లాంటిదే ఎర్రావు ఉండె. దీనికీ అదే పేరు,” అన్నది.

కొత్త బండికి పూజ చేయకుండా ముట్టనన్నది. టీవీకి బొట్టు పెట్టింది. నాలుగు నిమ్మకాయలు టీవీ కింద బల్ల మీద వరసగా పెట్టింది. బటన్ నొక్కితే కారు తెర మీద ముందుకు కదిలింది. నిమ్మకాయలు మాత్రం కదల్లేదు. వాటిని తొక్కాల్సింది చక్రాలే కదా! ఇప్పుడెట్లా అని ఇద్దరం ఖలందర్ వైపు చూశాం. అతను ఒక్క క్షణం ఆలోచించి, “సారు తొక్కితే సాలు వదినా, యజమాని గదా” అన్నాడు. తొక్కాను. తెలుగు పండితుడు ఇటలీ కారు తరఫున నిమ్మకాయలు తొక్కడం చరిత్రలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

పందెంలో ఎనిమిది కార్లు ఉంటాయి. జెండా ఊపగానే ఏడు కార్లు కనిపించకుండా పోయేవి. ప్రసూన ముందు హారన్ కొట్టేది. తర్వాత అద్దం చూసేది. ఆ తర్వాత బయలుదేరేది. పులివెందుల బస్సులాగ మలుపు మలుపుకూ హారన్.

“ఓవర్‌టేక్ చెయ్యి ప్రసూనా!”

“ఎందుకు? పోనీ పాపం. వాళ్ళకేం తొందర పనుందో.”

దారిలో ఒకచోట రోడ్డు పక్కన కంచె, కంచె అవతల గొర్రెలు. వాటికీ పందేనికీ సంబంధం లేదు. గేము చేసినవాళ్ళు అందం కోసం పెట్టారు. ప్రసూన సింహాద్రిపురం దగ్గర గొర్రెల మధ్య, ఆవుల మధ్య పెరిగిన మనిషి. అక్కడికి రాగానే కారు పక్కకు తీసి ఆపేది.

“పందెం ప్రసూనా, పందెం!”

“పందెం యాడికి పోతాది, ఈడనే ఉంటాది. గొర్రెలైతే పోతాయి. సూడు, ఆ కడాది కుంటతాంది.”

“అది కుంటడం కాదు. కంప్యూటరు దాన్ని అట్లా నడిపిస్తోంది.”

“ఎవురు నడిపిస్తే ఏం, కుంటేది అదే గదా.”

నేను కూడా ఒకసారి నడపబోయాను. కారు వెనక్కి పోయి కంచెను గుద్దింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. “దిగు ఐవారా, దిగు! నువ్వు జాఫరన్న బండెనకే బాగుంటావు,” అన్నది. దిగాను. అంటే సోఫాలో ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగాను.

శివరాత్రి దాటిన తర్వాత ఒక సాయంత్రం, ఆ గొర్రెల దగ్గరే కారు ఆపింది. ఆట ఆపే బటన్ నొక్కింది. “దగ్గు తగ్గినాక ఆడతా. ఆఫ్ చెయ్యొద్దు,” అని లేచింది. మరుసటి రోజు ఆయాసం ఎక్కువైతే తిరుపతి తీసుకుపోయాం. అక్కడి నుంచి ఆమె నడిచి రాలేదు.

ఆఫ్ చెయ్యొద్దు అన్నది. నేను చెయ్యలేదు. ఇందులో కవిత్వం ఏమీ లేదు. ఎవరైనా కిటికీ మూయొద్దంటే నేను మూయను. ఇదీ అంతే.

“నిద్రలో పెడితే ఆపిన జాగాలోనే ఉంటాది సార్. కరెంటు మాత్రం పోకుండా సూసుకో,” అని ఖలందర్ చెప్పాడు. అందుకని ఇన్వర్టరు పెట్టించాను. అది చిన్నది. మిషన్‌కు ఇస్తే ఫ్యానుకు చాలదు. మే నెలంతా కరెంటు పోయినప్పుడల్లా నేను చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఇటలీ మాత్రం చల్లగా ఉండింది. రోజూ బడి నుంచి రాగానే ఒకసారి తెర వెలిగించి చూసి, మళ్ళీ నిద్రలో పెట్టేవాణ్ణి. సారు గేములకు అలవాటు పడ్డాడని వీధిలో చెప్పుకున్నారు. ఆ వయసులో ఏమి ఖర్మ అనుకున్నారు. నేను కాదనలేదు. ఆటే రాని ఆటగాడిగా పేరు తెచ్చుకోవడం అందరికీ సాధ్యమా?

ఇక శనివారం. మిషన్ తనకు తానే అప్‌డేట్ అయి, తనకు తానే ఆగి, తనకు తానే మళ్ళీ లేచింది. ఎంత క్రమశిక్షణ! మా హాస్టలు పిల్లలను లేపడానికి వార్డెను గొంతు పోతుంది. పందెం లేదు. ఆ రోడ్డు లేదు. గేములో కార్లు పెట్టే షెడ్డులో ఎర్రావు ఉండే చోట ఖాళీ. తెర మీద ఒక నోటీసు. కారు తయారుచేసే కంపెనీతో తమకున్న ఒప్పందం ముగిసింది కాబట్టి దాన్నీ, దాని పందేల రోడ్డునూ వెనక్కి తీసుకున్నామనీ, ఇన్నాళ్ళ మా ఆదరణకు సంతోషిస్తున్నామనీ రాశారు. దినాలకు వచ్చినవాళ్ళు బట్టలు పెట్టినట్టు, ఒక కొత్త ఎలక్ట్రిక్ కారు కూడా పెట్టారు. తెల్లగా ఉంది. చప్పుడు చేయదట. తీసుకోవడానికి ‘ఓకే’ నొక్కమన్నారు.

ఖలందర్‌ను పిలిచాను. గంటసేపు కుస్తీ పట్టి, “ఎర్రబండి పోయినట్టే సార్. పందెమన్నా క్లౌడులో ఉంటాదేమో, సూద్దాం,” అన్నాడు.

“క్లౌడు అంటే?”

“మబ్బు సార్.”

కడప జిల్లాలో మబ్బును నమ్ముకుని బాగుపడినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఇప్పుడూ అంతే అయింది. మబ్బు ఉంది, వాన లేదు.

ఆ సాయంత్రం ప్రసూన నాన్న మునెయ్య మామ ఫోన్ చేశాడు. ఎట్లుండావు అన్నాడు. “ఏం లేదు మామా, ప్రసూన ఎర్రావు పోయింది,” అన్నాను. మళ్ళీ నా పొదుపు! ఆయన “పొద్దున్నే వస్తాండా,” అని పెట్టేశాడు.

ఆదివారం మొదటి బస్సుకే దిగాడు. గడప ఎక్కకుండా నేరుగా పెరట్లోకి పోయాడు. చుట్టూ చూశాడు.

“యాడ పూడ్చినారప్పా?”

“ఏది మామా?”

“ఆవు! నా బిడ్డ ఆవు సాకతాందని నాకు ఒక్క మాటన్నా చెప్తిరా మీరు? జబ్బు మనిషి, పాలు ఎవురు పిండినారు? నువ్వా?” ఆయన నా చేతుల వైపు చూశాడు. ఆ చేతులతో పాలు వచ్చి ఉండవని ఆయనకే తోచింది. “సర్లే, అయిపోయింది. మా దొడ్లో పెయ్యదూడ ఉండాది. మంచి జాతి. వచ్చే వారం ఆటోలో తోలుకొస్తా. నువ్వు బాధపడాక.”

లోపలికి తీసుకుపోయి టీవీ చూపించాను. కారు, గేము, పేరు, అన్నీ మొదటి నుంచి చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“మా ఎర్రావు పేరే పెట్టిందా?” అన్నాడు. తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పరచుకుని, మళ్ళీ మడిచాడు. “ఆ ఆవు ఎనకాలనే తిరుగుతాండె చిన్నప్పుడు.”

కాఫీ ఇచ్చాను. తాగి గ్లాసు పక్కన పెట్టి, వచ్చిన రెండో పని బయటికి తీశాడు.

“ఒక మాట చెప్తా, కోపం చేసుకోవాక. తుమ్మలపల్లె కాడ మనోళ్ళే, ఒకామె ఉండాది. మొగుడు పోయినాడు. నీ అట్లనే, ఎవురూ లేరు. నా బిడ్డ జాగాలో ఇంగొకరు కూర్చోవాలని నాకేమన్నా సరదానా అప్పా? నీ మొగం సూస్తే కూడు తింటాండేటట్టు ల్యా. అందుకని చెప్తాండా.”

పాఠకులారా, గమనించారా? కంపెనీ ఎలక్ట్రిక్ కారు పెట్టింది. మామ ముందు పెయ్యదూడ ఇస్తానన్నాడు, తర్వాత పెళ్ళికూతుర్ని. రెండు రోజుల్లో ఇంత లాభం ప్రొద్దుటూరు పెద్ద వీధిలో ఏ వ్యాపారికైనా వచ్చిందా? పోగొట్టుకోవడం చేతనైనవాడికి ఈ లోకంలో దేనికీ కొదవ లేదు! ఒకటి పోతే చాలు, ఇంకొకటి పట్టుకుని తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. అందరూ మంచివాళ్ళే. అందరూ ‘ఓకే’ నొక్కమనే అంటారు.

నేను ఖాళీ గ్లాసు తీసుకుపోయి వంటింట్లో పెట్టి వచ్చాను. మామ ఎక్కువ అడగలేదు. టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

“సరే, ఆ మాట మళ్ళ మాట్లాడుకుందాం. పాప కడాసారి బండి యాడ ఆపిందో సూపీ. సూసి పోతా. నేను ఒక్కసారన్నా సూడకపోతి.”

“అది లేదు మామా. అప్‌డేట్ అయింది.”

“అంటే?”

“పాతది తీసేసి కొత్తది పెడతారు.”

“పాతదాన్ని ఏం చేస్తారు?”

ఈ ప్రశ్నకు జవాబు ఖలందర్‌కూ తెలియదు. నోటీసులోనూ లేదు.

“పోనీ, నువ్వు సూసినావు గదా రోజూ? నోటితో చెప్పు. ఎట్ల ఉండె ఆ జాగా? గొర్రెలు ఎన్ని ఉండె? ఎండనా, నీడనా? పాప బండి ఏ పక్కకు తిప్పి పెట్టింది?”

నేను తెలుగు పండితుణ్ణి. ప్రకృతి వర్ణన చెప్పడం నా ఉద్యోగం. సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ తేడా తెలియకుండా ఒకే పద్యం రెండింటికీ వాడిన పిల్లలను బెంచీ ఎక్కించినవాణ్ణి. “మామా, ఆడ ఒక రోడ్డు...” అని మొదలుపెట్టాను. ఆ తర్వాత మాట రాలేదు. ఆయన నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. కుక్కర్ విజిల్ వేసింది. లేచి పోయి స్టవ్ ఆపాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. అప్పుడూ రాలేదు.

ఆయనకు ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సుకు వేళైంది. “నిదానంగా చెబుదువులే. ఆదివారం మళ్ళ వస్తా,” అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

కాబట్టి, అప్‌డేట్ మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదని మరొక్కసారి మనవి చేస్తున్నాను. కొత్త కారు మంచిదే అయ్యుంటుంది. పెయ్యదూడ మంచి జాతిదే. ఆ తుమ్మలపల్లె ఆమె కూడా మంచి మనిషే అయ్యుంటుంది. కొత్తవి తీసుకురండి, కాదనను. పాతదాన్ని ఒక్కసారి ప్రసూన వాళ్ళ నాన్నకు చూపించేదాకా ఆగి ఉంటే, ఈ వ్యాసంలో నేను చెప్పిన పొగడ్తలన్నీ మనస్ఫూర్తిగానే చెప్పి ఉండేవాణ్ణి.

మునెయ్య మామకు చదువు రాదు. ఇది ఆయన చదవడు. మీకు ఇంత రాశాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.